ముళ్ళవ్వ నొక్కిన నీలం అక్షరాలు

అనగనగా ఒక అడవిలో ఒక పాలపిట్ట ఉండేది. ఆ పాలపిట్టకి ఒక చిన్న వెబ్‌సైట్ ఉండేది. నవ్వకండి పిల్లలూ. మనుషులు కొండ మీద సెల్‌ఫోన్ టవరు పాతి వెళ్ళాక అడవిలో అందరికీ ఫోన్లు వచ్చేశాయి. కాళ్ళతో పట్టుకునేవాళ్ళు కాళ్ళతో, ముక్కుతో నొక్కేవాళ్ళు ముక్కుతో, ఎవరి తిప్పలు వాళ్ళవి.

పాలపిట్ట తన వెబ్‌సైట్‌కి 'నీళ్ళ కబురు' అని పేరు పెట్టుకుంది. ఎందుకంటే ఆ అడవిలో ఎండాకాలం మహా చెడ్డది. వాగు ఎండిపోయేది. గుక్కెడు నీళ్ళ కోసం జింకలు, కుందేళ్ళు, అడవిపందులు ఎక్కడెక్కడికో నడిచేవి. అందుకని పాలపిట్ట రోజూ పొద్దున్నే అడవంతా ఎగిరి చూసి వచ్చి కబురు రాసేది.

"మద్దిచెట్టు మలుపులో ఇసుక తవ్విన చెలమలో నీళ్ళున్నాయి. పులి అడుగులు లేవు. నా కళ్ళతో చూశాను."

చివర 'నా కళ్ళతో చూశాను' అన్న మాట తప్పకుండా ఉండేది. ఆ మాట చదివితే చాలు, జంతువులు నిశ్చింతగా పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరేవి.

ఆ కబురు అందరికంటే ముందు చదివేది ఒక ముసలి ముళ్ళపంది. దాన్ని అందరూ ముళ్ళవ్వ అనేవారు. పాపం, ఒళ్ళంతా ముళ్ళు కదా, ఎవరూ దాని పక్కన కూర్చునేవారు కాదు. పలకరించినా దూరం నుంచే. దాని ఫోను అద్దం పగిలిపోయింది, కళ్ళు కూడా సరిగ్గా ఆనేవి కావు. అయినా రోజూ కబురంతా కూడబలుక్కుని చదివి, కింద ఒకే మాట రాసేది: "చదివాను తల్లీ. చల్లగా ఉండు."

ఎవరు చదివినా చదవకపోయినా ఆ మాట కనిపిస్తే పాలపిట్టకి కడుపు నిండినట్టుండేది.

కడుపు నిండినట్టుండటం వేరు, నిండటం వేరు. ఆ ఏడాది పాలపిట్ట గూట్లో మూడు పిల్లలు పుట్టాయి. పొద్దంతా నీళ్ళు వెతుకుతూ తిరిగితే పురుగులు పట్టడానికి పొద్దు చాలేది కాదు. తల్లి ఖాళీ ముక్కుతో వచ్చి వాలితే మూడు నోళ్ళూ ఒక్కసారి తెరుచుకునేవి. అది చూడలేక తల్లి తల పక్కకి తిప్పుకునేది.

మొదట ఒక చిలుక వచ్చి చెప్పింది. "నీ పేజీ పక్కన ప్రకటనలు పెట్టుకో పిట్టమ్మా. చూసినవాళ్ళని బట్టి తిండి వస్తుంది."

సరేనంది పాలపిట్ట. కాకి అమ్మే పుల్లలు, ఉడత అమ్మే గడ్డి పరుపులు పేజీ పక్కన మెరుస్తూ కనిపించాయి. చాలామంది చూస్తే ఒక చీమ వచ్చేది. ఒక చీమని ముగ్గురు పిల్లలకి ఎలా పంచుతారు, మీరే చెప్పండి.

అప్పుడు వచ్చింది కొండముచ్చు. దానికి కొండ పక్కన ఒక కుంట ఉంది. నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళ దగ్గర గట్టు మీదే ఒక పండో దుంపో పుచ్చుకునేది.

"చెల్లెమ్మా, నా కుంట గురించి ఒక పేజీ రాయి. అందులో ఒక లింకు పెడతాను. దాన్ని నొక్కి నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ నీ వాటా నీకు పంపిస్తాను. చీమలు కాదు, బలిసిన మిడతలు!" అంది.

"ముందు నీ కుంట చూడాలి అన్నా," అంది పాలపిట్ట.

వెళ్ళి చూసింది. ఎండలు ఇంకా ముదరలేదేమో, నీళ్ళు నిండుగా, తేటగా ఉన్నాయి. తాగి చూస్తే తియ్యగా ఉన్నాయి. సంతోషంగా వచ్చి 'ఎండాకాలం నీళ్ళు ఎక్కడ?' అని ఒక పేజీ రాసింది. కింద నీలం అక్షరాలతో లింకు పెట్టింది. చివర, నా కళ్ళతో చూశాను, అని కూడా రాసింది. అది నిజమే కదా.

జంతువులు వెళ్ళాయి, హాయిగా తాగి వచ్చాయి. మోదుగాకు దొప్పలో మిడతలు వచ్చాయి. పిల్లలు ఆవురావురుమని తిన్నాయి. ఆ రోజు పాలపిట్ట కళ్ళు తుడుచుకుంది, ఆనందంతోనే.

ఒకరోజు ముళ్ళవ్వ చెట్టు కిందకి వచ్చి అడిగింది. "తల్లీ, నీ రాతలో కొన్ని అక్షరాలు నీలంగా ఉన్నాయేం? నా కళ్ళకే అట్లా కనపడుతున్నాయా?"

"కాదవ్వా, అవి లింకులు. ఎవరైనా వాటిని నొక్కి ఆ కుంటకి వెళితే నా పిల్లలకి నాలుగు మిడతలు వస్తాయి."

"అట్లాగా!" అంది ముళ్ళవ్వ. "రోజూ నీ కబురు ఊరికే చదివి పోతున్నాను. నీకేం ఇవ్వలేకపోతినే అని నాకు బాధగా ఉండేది. నొక్కితే చాలా తల్లీ?"

"నొక్కి, వెళ్ళాలి కూడా," అని నవ్వింది పాలపిట్ట. "నీకెందుకవ్వా అంత దూరం, నీ బొరియ పక్కనే చెలమ ఉంటే?"

ముళ్ళవ్వ తల ఊపి, ముళ్ళు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఉడత వచ్చింది. "నా గడ్డి పరుపుల గురించి కూడా మంచిగా రాయి పిట్టక్కా. వాటా ఇస్తాను," అంది. పిల్లలు పెరుగుతున్నాయి, ఆకలి పెరుగుతోంది. పాలపిట్ట ఈసారి వెళ్ళి చూడలేదు. ఉడత చెప్పింది చెప్పినట్టు రాసేసింది. 'నా కళ్ళతో చూశాను' అని మాత్రం రాయలేకపోయింది. కానీ ఆ మాట లేదని గమనించేంత తీరిక ఎవరికుంది?

ఒక జింక ఆ పరుపు కొంది. దాన్నిండా పిడుదులు. జింకపిల్ల ఒళ్ళంతా పట్టుకుని రక్తం తాగేశాయి.

"నీ మాట నమ్మే కదా కొన్నాను!" అని జింక నిలదీసింది.

పాలపిట్ట సిగ్గుతో చచ్చిపోయింది. "తప్పయిపోయింది వదినా. ఇంకెప్పుడూ చూడంది రాయను," అని, ఆ పేజీ అప్పటికప్పుడు తీసేసింది. మాట మీద నిలబడింది కూడా. ఆ తరువాత చూడనిది ఒక్కటీ రాయలేదు. అడవి మళ్ళీ దాన్ని నమ్మింది.

మరి ఇంకేం, కథ అయిపోయింది కదా అంటారా? అయిపోతే ఎంత బాగుండేది.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున పాలపిట్ట కొండ వైపు ఎగురుతూ కిందికి చూసింది. కొండముచ్చు కుంట చిక్కిపోయింది. నడిమధ్య కాసిని నీళ్ళు, చుట్టూ నల్లటి బురద. బురద మీద ఎండకి పెచ్చు కట్టి చూడటానికి గట్టి నేలలా ఉంది.

'అయ్యో, నా పాత పేజీ ఇంకా అట్లాగే ఉందే,' అనుకుంది.

గూటికి వచ్చి ఫోను తీసింది. ఆ పేజీ తెరిచింది. తీసేద్దామని ముక్కు ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఉడతపిల్ల ఒకటి కొండముచ్చు పంపిన మోదుగాకు దొప్ప తెచ్చి గూటి అంచున పెట్టి వెళ్ళింది. ఆ పాత పేజీ చూసి ఎవరో వెళ్ళారన్నమాట. ఏ పనీ చేయకుండా, ఎక్కడికీ ఎగరకుండా, కూర్చున్న చోటికి తిండి వచ్చింది. పిల్లలు నోళ్ళు తెరిచాయి.

పాలపిట్ట ఎత్తిన ముక్కు దించేసింది.

'రోజువారీ కబురులో ఆ కుంట పేరు నేను రాయడం లేదుగా. పాత పేజీలు ఎవరు చూస్తారు? నాలుగు చినుకులు పడితే మళ్ళీ నిండుతుందిలే. అప్పటిదాకా ఉంటే ఏం?' అని తనకు తనే చెప్పుకుంది. పిల్లలకి మిడతలు తినిపించింది. ఆ సంగతి మరిచిపోయింది.

మరిచిపోయింది అన్నాను గానీ, నిజం చెప్పాలంటే మరిచిపోవాలనుకుంది.

మరికొన్ని రోజులకి ఒక పొద్దున పాలపిట్ట కబురు రాసి ఎదురుచూసింది. "చదివాను తల్లీ" రాలేదు. పొద్దెక్కింది. రాలేదు. 'అవ్వకి ఒంట్లో బాగులేదేమో, సాయంత్రం చూసి రావాలి,' అనుకుంది. ఇంతలో ఫోను మోగింది. తెర మీద ఇలా ఉంది: "నీ లింకు నొక్కి ఒకరు వచ్చారు. నీ వాటా పంపాం."

వెనకాలే ఉడతపిల్ల దొప్పతో వచ్చింది.

"ఎవరు వచ్చారు బాబూ?" అని మాటవరసకి అడిగింది పాలపిట్ట.

"ఎవరో ముసలామె. ఒళ్ళంతా ముళ్ళు," అంది ఉడతపిల్ల.

పాలపిట్ట పిల్లల్ని కూడా చూసుకోకుండా రివ్వున ఎగిరింది.

కుంట నడుమ, నీళ్ళకి కాస్త ఇవతల, ముళ్ళవ్వ మెడ దాకా బురదలో దిగబడిపోయి ఉంది. గట్టి నేల అనుకుని నడిచింది. పెచ్చు విరిగింది. పొట్టి కాళ్ళు, ముసలి ఒళ్ళు, బయటికి రాలేకపోయింది. ఎండ నెత్తి మాడుస్తోంది.

"అవ్వా! ఎందుకొచ్చావే ఇక్కడికి? నీ బొరియ పక్కన చెలమ ఉందని ఈరోజు కూడా రాశానే!" అని ఏడ్చింది పాలపిట్ట.

ముళ్ళవ్వ మెల్లగా కళ్ళు తెరిచింది. "నువ్వా తల్లీ... చెలమ దగ్గర పొద్దున్నే తాగే వచ్చాను. నాకు దాహం లేదు. పిల్లలు చిక్కిపోయారని కోయిల చెప్పింది. అందుకని ఆ నీలం అక్షరాలు నొక్కి వచ్చాను. తాగితేనే లెక్కలోకి వస్తుందేమోనని నీళ్ళ దాకా నడిచాను." ఆయాసపడుతూ అడిగింది. "వాటా వచ్చిందా తల్లీ?"



"వచ్చిందవ్వా," అంది పాలపిట్ట. అనకుండా ఎట్లా ఉంటుంది?

"అమ్మయ్య," అంది ముళ్ళవ్వ.

పాలపిట్ట గొంతు చించుకుని అరిచింది. జింకలు వచ్చాయి, అడవిపంది వచ్చింది. బురదలోకి దిగితే తామూ మునుగుతామని గట్టు మీదే ఆగిపోయాయి. అడవిపంది ఒక కొమ్మ విరిచి తోసింది. ముళ్ళవ్వకి దాన్ని పట్టుకునే ఓపిక లేదు. పాలపిట్ట తానే వెళ్ళి ముళ్ళవ్వ వీపు మీద ఒక ముల్లు ముక్కుతో పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. ముల్లు ఊడి ముక్కులోకి వచ్చింది. ఇంకొకటి పట్టుకుని లాగింది. అదీ ఊడి వచ్చింది. ఎన్ని పట్టుకున్నా ముళ్ళే వస్తున్నాయి, ముళ్ళవ్వ రావడం లేదు.

పొద్దు తిరిగేసరికి ముళ్ళవ్వ తల వాలిపోయింది.

గట్టు మీద చెట్టుకొమ్మకి వేలాడి నీళ్ళు అందుకుంటున్న కొండముచ్చు మీద పాలపిట్ట విరుచుకుపడింది. "కుంట బురదైపోయిందని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదా చెల్లెమ్మా. నేను కొమ్మ మీంచి తాగుతాను, బురద సంగతి నాకేం పట్టింది? పేజీ రాసింది నువ్వు. చూశానని రాసింది నువ్వు," అంది కొండముచ్చు.

పాలపిట్ట గూటి దారి పట్టింది.

గూటికి వచ్చేసరికి దొప్ప ఖాళీగా ఉంది. పిల్లలు మిడతలన్నీ తినేసి, కడుపులు నిండి, ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోతున్నాయి. వాటికేం తెలుసు? పాలపిట్ట వాటి పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తరువాత ఫోను తీసి పాత పేజీలో ఉన్నదంతా చెరిపేసింది. నీలం అక్షరాలు చెరిపేసింది. అక్కడే కొత్తగా రాసింది: "కొండముచ్చు కుంటలో ఉన్నది బురద. ఎవరూ వెళ్ళకండి. నా కళ్ళతో చూశాను."

అడవంతా ఆ కబురు చదివింది. జింకలు చదివాయి, కుందేళ్ళు చదివాయి, ఆ ఎండాకాలంలో ఇంకెవరూ ఆ కుంటకి వెళ్ళలేదు. పాలపిట్ట మాత్రం చాలాసేపు ఆ పేజీ కిందే చూస్తూ కూర్చుంది. అక్కడ "చదివాను తల్లీ" అని ఎవరూ రాయలేదు.

నీతి: మన మాట నమ్మి ఎవరో ఒకరు నడుస్తున్నంత కాలం ఆ దారి బాగుందో లేదో చూసే పూచీ మనదే, రాసి మరిచిపోయాం అంటే, నమ్మి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు.