పైడమ్మ తెడ్డు, సూరీడమ్మ కొంగుముడులు

దోసకాయలపాలెంలో గంగులు వాళ్ళ ఇంట్లో తెలివి ఎక్కువ. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనరు, వాళ్ళే అనుకుంటారు. ఊళ్ళోవాళ్ళు ఎందుకు అనరో కూడా వాళ్ళకి తెలుసు. ఎదుటివాళ్ళ తెలివిని పోల్చుకోవాలంటే మనకీ కాస్త ఉండాలి కదా, పాపం ఊరికి అది లేదు.

గంగులు ఎండలో నడిస్తే గొడుగు తనకి పట్టుకోడు, తన నీడకి పడతాడు. "నేనంటే నిలబడ్డాను, అది నేలమీద పడి మాడిపోతోంది" అంటాడు. ఆయన తల్లి సన్యాసమ్మ దీపం ఆర్పకుండా పడుకుంటుంది. నిద్ర పట్టిందో లేదో చూసుకోవద్దూ? ఇక గంగులు పెళ్ళాం సూరీడమ్మ. ఆ ఇంట్లోకల్లా తెలివైనది తనేనని ఆమె నమ్మకం. ఎవరు ఏం చెప్పినా మరిచిపోకుండా కొంగుకి ముడేసుకుంటుంది, మాటకో ముడి. ఇంటికొచ్చి, మాట గాలికి కొట్టుకుపోకుండా తలుపు మూసి, అప్పుడు విప్పుతుంది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, పైడమ్మ. ఎనిమిదేళ్ళది. అట్టే మాట్లాడదు. అందుకని దానికి ఇంకా తెలివి రాలేదని ఇంట్లో అందరికీ బెంగ.

ఒకరోజు సూరీడమ్మ అన్న దాలయ్య చూడ్డానికి వచ్చాడు. వాకిట్లో బావ ఎండలో ఉన్నాడు, బావ నీడ గొడుగు కింద ఉంది. దాలయ్య నుదురు కొట్టుకున్నాడు.

"చెల్లే, పిల్లని నాతో పంపించు. మా ఇంట్లో పెంచుకుంటాను."

సూరీడమ్మ పిల్లని వెనక్కి నెట్టి అడ్డం నిలబడింది. "ఎందుకన్నయ్యా? మా పిల్లకి మా తెలివి సరిపోదా?"

"సరిపోతుందనే నా భయం. సరే, ఒక పని చెయ్యండి. పిల్ల చేత ఒక తెడ్డు చెక్కించండి. చిన్న కత్తి, చిన్న చెక్క, పిల్లలు చేసుకునే పనే. చేతికి గీత పడకూడదు. వచ్చే ఆదివారం వస్తాను. తెడ్డు కనిపిస్తే పిల్ల నీ దగ్గరే ఉంటుంది. కనిపించకపోతే నా వెంట వస్తుంది."

ఇంకేముంది. అన్న అటు వెళ్ళగానే సూరీడమ్మ ఇటు పరిగెత్తింది. వెనకవీధిలో బొమ్మలు చేసే ఈశ్వరాచారి తాత ఉన్నాడు. ఆయన ముందు కూలబడి సంగతి చెప్పింది.

"దానికేముందమ్మా" అన్నాడు తాత. "మెత్తటి కర్రతో మొదలుపెట్టండి. కత్తికి పదును ఉండాలి. పదును లేనిదే ప్రమాదం, జారి మీద పడుతుంది. పిల్ల కుదురుగా కూర్చుని చెయ్యి చాస్తే నాలుగువైపులా ఏదీ తగలకూడదు. కత్తి ఎప్పుడూ మనవైపు రాకూడదు, అవతలివైపుకే పోవాలి. అంతే."

ఒక చిన్న కత్తి, ఒడినిండా పొనికి చెక్కలు కూడా ఇచ్చాడు. పొనికి అంటే బొమ్మలు చేసే కర్ర, వెన్నలా తెగుతుంది. సూరీడమ్మ ఒక్కో మాటకీ ఒక్కో ముడి వేసింది. నాలుగు మాటలకి నాలుగు ముడులు. "అంతే" అన్నదానికి ఇంకొకటి.

ఇంటికొచ్చి తలుపు మూసి, మొదటి ముడి విప్పింది. "మెత్తటి కర్రతో మొదలుపెట్టాలి."

"మనింట్లో చింతదుంగ ఉందిగా" అన్నాడు గంగులు.

"అది రాయిలా ఉంటుంది కదరా" అంది సన్యాసమ్మ.

"ఉడకబెడితే ఏదైనా మెత్తబడుతుందమ్మా. కందిపప్పు మెత్తబడటం లేదూ?"

"అవును మావా" అంది సూరీడమ్మ. "ఉడకబెట్టుకోమనే తాత పొయ్యిలోకి చెక్కలు కూడా ఇచ్చాడు. ఎంత ముందుచూపు."

అంతే. చింతదుంగని కాగులోకి దించారు. పొనికి చెక్కలు పొయ్యిలో పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉడికించారు. ఇంత ఉప్పు వేశారు, చిటికెడు పసుపు వేశారు. ఉడికిందో లేదోనని సన్యాసమ్మ పన్ను దించి చూసింది. పన్ను ఊడి చేతిలోకొచ్చింది.

"ఇది ఉడికిందిరా" అంది పన్ను చూపిస్తూ. "దుంగే ఇంకా ఉడకలేదు."

పైడమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చూస్తోంది. ఒక చెక్కని బయటికి లాగి గోటితో గుచ్చి చూసింది. "అమ్మా, ఇది మెత్తగా ఉంది."

"ఊరుకోవే తల్లీ, అది పొయ్యిలోది" అంది సూరీడమ్మ. పాపం, పిల్లకి ఇంకా తెలివి రాలేదు.

దుంగ ఉడికినప్పుడు ఉడుకుతుందని మర్నాడు రెండో ముడి విప్పారు. పదును లేనిదే ప్రమాదం, జారి మీద పడుతుంది.

"నిజమే సుమా" అంది సన్యాసమ్మ. "మొన్న నా కాలిమీద పడింది రోకలి. దానికి పదునేదీ?"

ఇంకేముంది. గంగులు రోకలికి పదును పెట్టాడు. పప్పుగుత్తికి పెట్టాడు. చేతికర్రకి పెట్టాడు. మంచం కోళ్ళు నాలుగింటినీ ములుకుల్లా చెక్కాడు. సన్యాసమ్మ అలా కూర్చుందో లేదో, మంచం కసుక్కున మట్టినేలలోకి దిగిపోయింది.

"ఎలా ఉందమ్మా?"

"హాయిగా ఉందిరా. ఇక కిందపడే భయం లేదు, కిందే ఉన్నాను."

అన్నీ అయ్యాయనుకుంటుంటే సూరీడమ్మకి తలగడ కనిపించింది. ముట్టుకుని చూసింది. ఏ పక్కా పదును లేదు. ఇంట్లోకల్లా ప్రమాదమైన వస్తువు అదే. ఇన్నేళ్ళూ దాన్ని తలకింద పెట్టుకుని ఎలా బతికామా అని ముగ్గురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అది మీదికి జారకుండా పొడుగాటి కర్రతో నెట్టుకుంటూ తీసుకెళ్ళి పాడుబావిలో పడేశారు.

ఇక మూడో ముడి. చెయ్యి చాస్తే నాలుగువైపులా ఏదీ తగలకూడదు.

పైడమ్మని గదిలో కూర్చోబెట్టి చెయ్యి చాచమన్నారు. గోడ తగిలింది.

"బయట వాకిట్లో కూర్చుంటానమ్మా" అంది పైడమ్మ.

"తప్పు. గోడ చేసిన తప్పుకి నువ్వెందుకే బయటికి పోవడం?" అని గంగులు గునపం తెచ్చాడు. ఆ గోడ కొట్టాడు. అటు తిరిగి చాచమంటే ఇంకో గోడ తగిలింది. అదీ కొట్టాడు. మధ్యగుంజ మిగిలింది. అది లాగేసరికి ఇంటికప్పు గుడ్లమీద కోడిపెట్టలా నెమ్మదిగా కిందికి దిగి కూర్చుంది. నలుగురూ దాని కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి ఒళ్ళు దులుపుకున్నారు.

"ఇప్పుడు చాచుకోవే బంగారం. ఏది తగులుతుందో నేనూ చూస్తాను" అన్నాడు గంగులు.

రేపే ఆదివారం. తెడ్డు ఇంకా మొదలే కాలేదు.  సూరీడమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. ఇది వెళ్ళిపోతే పొద్దున లేచి ఎవరి తల దువ్వాలి? ఇంకా రెండు ముడులున్నాయి, భయమెందుకని తనకి తనే చెప్పుకుంది. గోడలు లేకపోయినా తలుపు నిలబడే ఉంది. వెళ్ళి తలుపు మూసి, గడియపెట్టి, నాలుగో ముడి విప్పింది. కత్తి ఎప్పుడూ మనవైపు రాకూడదు, అవతలివైపుకే పోవాలి.

"ముందు నేను చేసి చూపిస్తాను, పిల్ల నేర్చుకుంటుంది" అన్నాడు గంగులు. పెద్ద దుంగ కాబట్టి పెద్ద కత్తి తీసుకున్నాడు. చింతదుంగ మీద ఆనించి ముందుకి తోశాడు. చక్కగా పొట్టు లేచింది. మళ్ళీ తోయడానికి కత్తిని వెనక్కి తీసుకోబోయాడు.

"ఆగు మావా. నీవైపు వస్తోంది."

గంగులు ఆగిపోయాడు. నిజమే. కత్తి వెనక్కి రాకూడదు. అది రాకూడదు కాబట్టి గంగులే ముందుకి జరిగాడు. ఆయన జరిగాడు కాబట్టి దుంగా జరగాలి. సన్యాసమ్మ దాన్ని దొర్లించింది. ఇంకోసారి తోశాడు, ఇంకాస్త జరిగాడు. అంతే, వాకిలి దాటారు. వీధి దాటారు. జొన్నచేలో పడి అటు తేలారు. సూరీడమ్మ ఊరి పొలిమేర దాకా వెంట వెళ్ళింది.

"ఎప్పుడొస్తావు మావా?"

"ఎలా వస్తానే? కత్తి రాకూడదుగా."

సూరీడమ్మ ఏడుస్తూ ఇంటికొచ్చింది. వాకిట్లో పైడమ్మ కుదురుగా కూర్చుని ఉంది. చుట్టుపక్కల చేతికి తగిలేది ఏదీ లేదు. చేతిలో తాత ఇచ్చిన చిన్న కత్తి, పొయ్యిలోంచి లాగిన పొనికి చెక్క. కత్తిని అవతలివైపుకి నెమ్మదిగా తోస్తోంది, ఎత్తి మళ్ళీ పెట్టి తోస్తోంది. సూరీడమ్మ దగ్గరికి పోలేదు, చెయ్యి తగులుతుందని దూరంగానే నిలబడి చూసింది.

ఆదివారం దాలయ్య వచ్చాడు. ఇల్లు లేదు, తలుపుంది. గోడలేని వైపునుంచి లోపలికి రాబోయాడు.

"ఇదేం మర్యాద అన్నయ్యా? తలుపు తట్టి రావా?" అంది సూరీడమ్మ.

దాలయ్య మళ్ళీ చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు తట్టాడు. సూరీడమ్మ గడియ తీసింది. పైడమ్మ తెడ్డు తెచ్చి ఇచ్చింది. ఒకపక్క మసిగా ఉంది, పిడి కాస్త వంకరగా ఉంది, అయినా తెడ్డే. దాలయ్య పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. ఎక్కడా గీత లేదు.

"ఎవరు నేర్పారే?"

"అమ్మ ముడి విప్పినప్పుడల్లా విన్నాను మావయ్యా."

దాలయ్య తెడ్డుని తిప్పి చూసి పిల్ల చేతికే ఇచ్చాడు. "మాటంటే మాటే. పిల్ల నీ దగ్గరే ఉంటుంది చెల్లే. ఇంతకీ బావ ఏడీ?"

"అవతలివైపుకి పోయాడు."

"వస్తాడా?"

"రాకూడదు."

 దాలయ్య పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలని బయల్దేరాడు. రెండు ఊళ్ళ అవతల ఆయన ఇల్లు. చేరేసరికి ఆయన అరుగుమీద గంగులు ఒళ్ళంతా పొట్టుతో కూర్చుని ఉన్నాడు. చింతదుంగ అరిగి అరిగి చిన్న పుల్ల అయింది. దాంతో సన్యాసమ్మ మిగిలిన పళ్ళు కుట్టుకుంటోంది.

"కత్తి ఇటే వచ్చింది బావా" అన్నాడు గంగులు.

దాలయ్య వెనక్కి తిరిగాడు. వీధి చివర సూరీడమ్మ వస్తోంది. నెత్తిమీద తలుపు, వెనకాల తెడ్డు పట్టుకుని పైడమ్మ.

"మావ వెనక్కి రాకూడదు కదన్నయ్యా, అందుకని పొట్టు రాలిన దారి పట్టుకుని మేమే వచ్చేశాం. పిల్ల నా దగ్గరే ఉంటుందన్నావు. నేను మావ దగ్గరుంటాను."

ఒక్క పిల్లని తెచ్చుకుందామనుకున్న దాలయ్యకి ఇంటిల్లిపాదీ వచ్చి పడ్డారు. దాలయ్య పెళ్ళాం మంచిది. అందరికీ అన్నాలు పెట్టింది. దూరం నడిచి అలిసిపోయారు, పడుకోండని దూదితో నింపిన తలగడలు తెచ్చింది.

ఇంకేముంది. సూరీడమ్మ పిల్లని ఎత్తుకుని గోడకి అంటుకుపోయింది. "వదినా, కదలకు. అవి జారకుండా మెల్లిగా కిందపెట్టు."

"నువ్వు భయపడకే, నేనున్నాను" అని గంగులు పెద్ద కత్తి తీశాడు. తలగడలు అన్నిటికీ పదును పెట్టాడు. చాలా జాగ్రత్తగా, అవతలివైపుకే.

ఇల్లంతా దూది లేచింది. దాలయ్య జుట్టునిండా, మీసాలనిండా దూది. నేలమీద చతికిలబడి చెల్లెలి కొంగువైపు చూశాడు. దానికి ఇంకో ముడి ఉంది.

"చెల్లే, ఇంకా ఏమైనా మిగిలిందా?"

"ఒక్కటి ఉందన్నయ్యా."

దాలయ్య దేవుణ్ణి తలుచుకున్నాడు. సూరీడమ్మ తను మోసుకొచ్చిన తలుపుని గడపకి ఆనించింది, ఉన్న తలుపు కూడా మూసింది. మాట ఎగిరిపోకుండా పిల్ల చేత దోసిలి పట్టించి, ముడి విప్పింది.

"అంతే."