పచ్చదీపం లేని తలుపు

కొండ మీద కరీముల్లా బాబా గదికి ఖాజావలీ వచ్చి మూడు రోజులైంది. తినడు, కూర్చోడు. కాలు కాలిన పిల్లిలా ఆ నాలుగు గోడల మధ్యే తిరుగుతున్నాడు.

అతను పారిపోయి వచ్చిన నగరంలో తలుపులకు గడియలుండవు, పిడులుండవు. తలుపు ముందు పాదాలు జోడించి, గడ్డం పైకెత్తి నిలబడాలి. పైవాళ్ళకు ఇష్టమైతే పచ్చదీపం వెలుగుతుంది, తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. లేకపోతే లేదు.

ఒకరోజు కరెంటు పోయి తలుపులన్నీ బార్లా తెరుచుకున్నాయి. అంత నగరంలో బయటికి నడిచినవాడు ఖాజావలీ ఒక్కడే. చెల్లెలు షంషాద్ గడప దాటలేదు. "దీపం వెలగలేదుగా అన్నా," అంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆమెను తిట్టిపోస్తున్నాడు.

"రేపు మరమ్మతుకని మళ్ళీ కరెంటు తీస్తారు బాబా. మళ్ళీ అదను దొరకదు. స్వేచ్ఛంటే ఏమిటో ఆ పిచ్చిదానికి ఎక్కేలా ఒక్క మాట చెప్పండి. పట్టుకెళ్తాను."

బాబా ఖాళీ కుండ అందించాడు. "ముందు నీళ్ళు తీసుకురా. గొంతెండిపోతోంది."

పగలంతా తెరిచే ఉండే తలుపు, ఆ మధ్యాహ్నం గాలి దుమారంగా ఉందని మూసి ఉంది. ఖాజావలీ కుండ చంకన పెట్టుకుని దాని ముందుకు వెళ్ళాడు. పాదాలు జోడించాడు. గడ్డం పైకెత్తాడు. అలాగే నిలబడ్డాడు.

మామూలు చెక్క తలుపు. గడియ కూడా వేసి లేదు.

చాలాసేపయ్యాక వెనక్కి తిరిగాడు. "బాబా, వెళ్ళమంటారా?"

బాబా తల ఎత్తకుండా తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు.

అప్పుడు చూసుకున్నాడు ఖాజావలీ, తన పాదాల వంక. చెవులు సిగ్గుతో మండిపోయాయి. చెల్లెల్ని ఎన్నెన్ని మాటలన్నాడు! తలుపును చేత్తో ఒక్క తోపు తోశాడు. ఎండా దుమ్మూ ఒక్కసారిగా మీద పడ్డాయి.

వెనకనుంచి బాబా గద్దించాడు.

"ఎవర్నడిగి తీశావు?"

"తప్పయింది బా..." అనబోయి, సగంలో మింగేశాడు. కుండ గడప పక్కన దించి, జవాబు చెప్పకుండానే నగరం దారి పట్టాడు.