బూడిద అద్దిన ముక్కలు

ఒక కొండవాలున ఒక తల్లి, ఇద్దరు కొడుకులు బంగాళాదుంపలు పండించుకుని బతికేవారు. ఒక ఏడు కొడుకుల మధ్య మాటా మాటా పెరిగింది. చేను నడుమ గట్టు లేచింది, ఎవరి పొయ్యి వారిదైంది. గంపెడు విత్తనపు దుంపలు మాత్రం తల్లి దగ్గర ఉన్నాయి. అవి మొలిస్తేనే ఆ ఏటికి తిండి.

తల్లి కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. ఎప్పటిలాగే సగం గంప రెండో దఫా నాటడానికి పక్కన పెట్టింది. మిగతా దుంపల్ని ముక్కముక్కకూ ఒక కన్ను దక్కేలా కోసింది. ఆ కంట్లోంచే కదా మొలక వచ్చేది! కోసిన వైపు పొయ్యి బూడిద అద్ది, నీడలో చాప మీద పరిచింది.

"మూడు రోజులు ఆరాలి నాయనా. పచ్చి కోత మట్టిలో పెడితే కుళ్లుతుంది."

"ఇంకో మూడు రోజులు వీడి మొహం చూడాలా?" అన్నాడు పెద్దవాడు.

"దుంపల్ని చూడు అన్నా. నా మొహం కంటే నున్నగా ఉన్నాయి," అన్నాడు చిన్నవాడు.

పెద్దవాడు కత్తిపీట తన వైపు లాక్కున్నాడు. రెండో దఫా దుంపల్లో కూడా తన వంతు కోసుకుని, పచ్చి ముక్కలన్నీ ఆ పూటే నాటేశాడు. చిన్నవాడు ఆగి, మూడు రోజులయ్యాక తన ముక్కలు నాటాడు.

పక్షం తిరిగేసరికి గట్టుకు ఒకవైపు పచ్చగా మొలకలు. రెండోవైపు పెద్దవాడు తవ్వి చూస్తే, వేళ్లకు కుళ్లిన జిగురు.

చిన్నవాడు తన వంతు రెండో దఫా దుంపల బుట్ట తెచ్చి గట్టు మీద పెట్టాడు. "వాసన మా పొయ్యి దాకా వస్తోంది అన్నా. ఇందులో సగం నీకు."

"నీకు తక్కువవుతాయి కదరా?"

"అవుతాయి."

పెద్దవాడు ఆ సగం కండువాలో మూటగట్టుకుని, తన ఇంటికి కాదు, తల్లి వాకిటికి నడిచాడు.

"అమ్మా, బూడిద ఉందా?"

తానే కోశాడు. తానే అద్దాడు. మూడు రోజులు ఆ చాప పక్కనే పడుకున్నాడు, తమ్ముడితో ఒకే కంచంలో తిన్నాడు. మూడోనాడు తల్లి ఒక ముక్కను బొటనవేలితో తడిమింది. కోత మీద తన అరచేతిలాంటి గరుకు పొర కట్టింది.

"ఆరింది. ఇక నాటుకో."

పెద్దవాడు చేలోకి దిగాడు. మొదటి పార దెబ్బ గట్టు మీద వేశాడు.

"అన్నా, అది గట్టు!" అని అరిచాడు తమ్ముడు.

"తెలుసులేరా," అన్నాడు అన్న, పార మళ్లీ ఎత్తుతూ. "ఇక్కడ రెండు సాళ్లు పడతాయి."