పున్నమినాటి తీరిక

బండ్లు నడిచే బాటలింకా పడని రోజుల్లో, అనగా అనగా పొగడపురమని ఒక రాజ్యం. దాన్ని ధీరసేనుడనే రాజు ఏలేవాడు. వయసు చిన్నది, మనసు మెత్తనిది.

ఆయన తండ్రి ఒక్క పూటైనా విశ్రాంతి ఎరగకుండా రాచకార్యాల్లోనే కన్నుమూశాడు. ఆ దిగులులో ధీరసేనుడికి సంగీతమొక్కటే ఊరటనిచ్చింది. "ఈ సుఖం నా ప్రజలకూ దక్కాలి" అనుకున్నాడు. ప్రతి పున్నమినాడూ పనులన్నీ ఆపాలనీ, అందరూ ఏటి ఒడ్డు తోటకు వచ్చి పొద్దు గుంకేదాకా పాట వినాలనీ చాటింపు వేయించాడు.

మొదటి పున్నమికి తోట నిండింది. ముగ్గురు మాత్రం రాలేదు. రాజు వాళ్ళను పిలిపించాడు.

కొండదారిలో ఉప్పు బస్తాలు మోసే పోలయ్య, "నిద్రపోయాను ప్రభూ" అన్నాడు.

నూలు వడికే చెన్నమ్మవ్వ, "కదురు తిప్పుకుంటూ కూర్చున్నాను నాయనా" అంది.

ఆస్థానంలో మద్దెల వాయించే కేశవుడు, "నా కూతురికి ఈత నేర్పుతున్నాను" అని తల దించుకున్నాడు.

రాజు నొచ్చుకున్నాడు. "అంత చక్కని పాట ఉండగా నిద్రా? పని మానమంటే వడకడమా? మద్దెలగాడే రాకపోతే కచేరీ ఎలా?" అన్నాడు. రాజు ముందు ఎవరు నోరు విప్పుతారు? ముగ్గురూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

రెండో పున్నమికి ఇంటింటికీ భటులు వెళ్ళారు. అవ్వ కదురు లాక్కున్నారు. తోటలో పోలయ్య కూర్చున్నచోటే తూగుతుంటే కర్రతో పొడిచి లేపారు. చెన్నమ్మవ్వ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కన్నీళ్ళు కార్చింది. పాటకు కరిగిపోయిందనుకుని రాజు మురిసిపోయాడు.

మర్నాడు పోలయ్య బస్తా ఎత్తుకుని కొండెక్కుతూ కాలు జారి లోయలో పడ్డాడు. కాలు విరిగింది. రాజు పరుగున అతని గుడిసెకు వెళ్ళాడు.

"ఆ దారి పోలయ్యకు కొత్త కాదు కదమ్మా! ఎలా పడ్డాడు?" అని అతని భార్య ఎర్రమ్మను అడిగాడు.

"నడుస్తూనే కళ్ళు మూతలుపడ్డాయట దొరా. కోడి కూయకముందే పోతాడు, దీపం పెట్టాక వస్తాడు. నెలకొక్క రోజైనా కంటినిండా నిద్రపోతాడని, చాటింపు విన్ననాడు మీకు దణ్ణం పెట్టుకున్నాను."

రాజు తలవంచుకుని గుడిసె బయటికి వచ్చాడు. అక్కణ్ణుంచి చెన్నమ్మవ్వ ఇంటికి నడిచాడు.

"నా కొడుకు ఈ కదురు పక్కనే ఆడుకుని పెరిగాడు నాయనా. యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఎవరి కోసమూ కాకుండా ఊరికే తిప్పుకుంటే, వాడు నా పక్కన ఉన్నట్టుంటుంది" అంది అవ్వ.

చివరికి కేశవుణ్ణి కలుసుకున్నాడు. "మీకది వినోదం ప్రభూ, నాకు కొలువు. నిన్న నేను వాయిస్తుంటే నా బిడ్డ రేవులో ఒంటరిగా కూర్చుని నా కోసం ఎదురుచూసింది" అన్నాడతను.

ధీరసేనుడు తన చేతులతోనే కదురు తెచ్చి అవ్వకు ఇచ్చాడు. పోలయ్య బతికినంత కాలం అతని ఇంటికి తిండిగింజలు పంపాడు. కానీ ఆ కాలు మళ్ళీ చక్కబడలేదు. కర్ర పట్టుకుని నడిచే పోలయ్య ఎదురైనప్పుడల్లా రాజు గుర్రం దిగి, అతను దాటిపోయేదాకా తలవంచి నిలబడేవాడు.

మళ్ళీ చాటింపు వేయించాడు. "పున్నమి మీది. ఎక్కడికీ రమ్మని ఎవరూ పిలవరు."

ఆ పున్నమికి తోటలో రాజు తానే వీణ పట్టుకుని కూర్చున్నాడు. పాటంటే ఇష్టమున్న కొద్దిమంది వచ్చారు.

మంత్రి చుట్టూ చూసి, "తోట బోసిగా ఉంది ప్రభూ, ఇంకొందరిని పిలిపించనా?" అన్నాడు.

"వద్దు. రానివాళ్ళు కూడా సుఖంగానే ఉన్నారు" అని రాజు వీణ మీటాడు.

ఒకరికి తీరిక ఇచ్చి, దాన్ని మనకు నచ్చినట్టే గడపమనడం, ఇచ్చిన దాన్ని తిరిగి లాక్కోవడమే.