నీలి చెలమ

ఒకానొక రాజ్యం. పేరెందుకు లెండి, ఊరికే గొడవ. దాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు నీలం రంగంటే పిచ్చి. తలపాగా నీలం, గుర్రం జీను నీలం, ఆఖరికి కోటమీద జెండాలూ నీలమే. ఇంత నీలం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని కోటకు దిగువన, తేనేరు అనే ఏటి ఒడ్డున పెద్ద అద్దకపు శాల కట్టించాడు. అద్దకం అయ్యాక మిగిలిన కంపునీళ్ళన్నీ ఏట్లోకే.

కోటలో వాళ్ళకేం, ఎగువ నీళ్ళు తాగి చల్లగా ఉన్నారు. దిగువనున్న ఇసకలపాడు వాళ్ళకు ప్రాణం మీదకొచ్చింది. పిల్లలకు వాంతులు, పశువులకు రోగాలు. ఊరి పెద్దలు కోటకొచ్చి మొరపెట్టుకుంటే రాజు మండిపడ్డాడు.

"నా ఏటినే తప్పుపడతారా? పున్నమి దాటేసరికి మీ ఊరు ఖాళీ కావాలి! ఇకమీదట తేనేటి నీళ్ళు బాగాలేవన్నవాడు ఎవడైనా సరే, రాజ్యం విడిచి పోవలసిందే!"

ఆ మాటకు కొలువులోని విదూషకుడు కొండుభట్లు గుండె గుభేలుమంది. వాళ్ళక్క పేరమ్మది ఇసకలపాడే. భర్త పోయాక ఆ ఇల్లూ, రెండావులూ తప్ప ఆవిడకు మరో ఆధారం లేదు. ఈ వయసులో ఎక్కడికి పోతుంది పాపం!

రాజుగారి వంశంలో ఒక ఆచారం ఉంది. ఏటా పట్టాభిషేకం జరిగిన రోజున రాజు ఏటి ఇసకలో తన చేత్తో చెలమ తవ్వాలి. ఊరిన నీళ్ళు ముందు తాను దోసెడు తాగి, తర్వాత జనానికి పోయాలి. తాగకుండా ఇసక దాటి పోవడానికి వీల్లేదు. ఈసారి ఆ రోజు పున్నమికి ముందే వస్తోంది.

కొండుభట్లు చేతులు జోడించాడు. "మహాప్రభూ, ఎప్పుడూ కోట దగ్గరేనా? ఈసారి చెలమ ఇసకలపాడులో తవ్వండి. ఏలినవారి చెయ్యి తగిలితే నీళ్ళు గంగ కాకపోతాయా? ఆ మొండివాళ్ళు కళ్ళారా చూసి నోళ్ళు మూసుకుంటారు."

రాజు మీసం దువ్వాడు. "సెబాసు! అలాగే కానీ!"

ఆ రోజు రానే వచ్చింది. ఎండలకు ఏరు సన్నగా పారుతోంది. పల్లకీ దిగిన రాజు ఆ పాయను చూసి, "ఆహా, ఆకాశం నీడ నీళ్ళలో ఎంత నీలంగా పడింది!" అని మురిసిపోయాడు. ఊరి జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

రాజు ఇసకలో కూర్చుని తవ్వాడు. చెమ్మ తగిలింది. ఇంకాస్త తవ్వితే నీళ్ళు ఊరాయి, నీలంగా. రాజు ఇంకా లోతుగా తవ్వాడు. ఇంకా నీలం! గోళ్ళూ, వేళ్ళూ నీలం. ఎంతటి బురదనైనా వడగట్టే ఇసక కూడా ఓడిపోయింది. ఆయన మొహం పాలిపోయింది.

"భట్లూ, ఇవి తాగే నీళ్ళేనా?"

"అయ్యయ్యో, అంత మాట అనకండి ప్రభూ! బాగాలేవన్నవాడు రాజ్యం విడిచి పోవాలి. తమరు రాణివాసంతో సహా బయల్దేరితే, ఇంతమందిని ఏ రాజు తన రాజ్యంలోకి రానిస్తాడు?"

తాగలేడు, కాదనలేడు, లేచి పోలేడు. "ఏదో దారి చూపించవయ్యా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు రాజు గొంతు తగ్గించి.

కొండుభట్లు అక్కను పిలిచాడు. పేరమ్మ అడుగున చిల్లులు పెట్టిన కుండలు తెచ్చి ఒకదానిమీద ఒకటి నిలబెట్టింది. ఒకదాన్లో ఇసక, ఒకదాన్లో నలగ్గొట్టిన బొగ్గులు, ఒకదాన్లో గులకరాళ్ళు. చెలమ నీళ్ళు పైన పోసి, కింద చెంబు పెట్టింది.

రాజు ఇసకలో గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. ఎండ తలమీదకొచ్చి పక్కకు వాలింది. అప్పుడు రాలింది ఒక చుక్క. రంగు లేదు! మరొకటి, ఇంకొకటి. రాజు అరచెయ్యి చాచి ఒక చుక్కను పట్టుకున్నాడు. దాని అడుగున చేతి గీతలు స్పష్టంగా కనపడ్డాయి.

"అమ్మా, ఇవి ఆ నీళ్ళేనా?"

"ఆ నీళ్ళే మహారాజా. పొద్దున పోస్తే మాపటికి చెంబెడు. ఇంటిల్లిపాదికీ అంతే."

రాజు చెంబులో దోసెడు నీళ్ళు చేరేదాకా కూర్చుని, అవి తీసుకుని కళ్ళకద్దుకుని తాగాడు. తాగి, అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. శాల నీళ్ళు ఇకమీదట బొగ్గు, ఇసక పోసిన గుంటల్లో తేరి, రంగు వదిలాకే ఏట్లో కలవాలి. అందాకా శాలకు తాళం. ఇసకలపాడు ఇసకలపాడులోనే ఉంటుంది.

ఆ తర్వాతగానీ ఆయనకు సంగతి వెలగలేదు. "ఓరి భట్లూ! గంగ అవుతుందని మునగచెట్టెక్కించి, నా శాసనంతో నన్నే కట్టేశావు కదరా!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. మెళ్ళో ముత్యాల హారం తీశాడు. "పట్టు, ఇది నీది."

"హారం వద్దు ప్రభూ. ఏటా చెలమ ఇక్కడే తవ్వుతానని మాటివ్వండి చాలు."

రాజు నీలం వేళ్ళ వంక చూసుకున్నాడు. మళ్ళీ నవ్వొచ్చింది. "అంటే ఏడాది పొడుగునా నా గుండె దడదడలాడాలంటావు!"

"దిగువ వాళ్ళకు రోజూ అంతే కదా ప్రభూ."

మాటిచ్చాడు రాజు, హారం కూడా బలవంతంగా భట్లు మెళ్ళో వేశాడు. అది మొదలు పట్టాభిషేకం రోజు దగ్గర పడుతోందంటే చాలు, శాల గుంటల్లో బొగ్గు మార్చారో లేదో చూసుకోవడానికి రాజే స్వయంగా, పల్లకీ కూడా ఎక్కకుండా, పరుగున వెళ్ళేవాడట!