వెనక గది ఎవరిది?

కాలవ పక్కన నెమళ్లు తిరిగే జొన్నచేను, చేను నడుమ ఎర్రమట్టి దిబ్బ. ఆ దిబ్బ కింద ముళ్లపందులు తవ్వుకున్న బొరియ ఒకటి ఉంది. అవి చాలాకాలం అందులోనే కాపురముండి, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాయి. గట్టు కిందున్న పాత కలుగులోకి కాలవ నీళ్లు వచ్చేసరికి గాదయ్య, దూదమ్మ అనే పొలం ఎలుక దంపతులు తడిసిన ఒంటితో ఆ బొరియ చేరారు.

గాదయ్యకి గింజ కనిపిస్తే చాలు, నోట కరుచుకొచ్చి దాచేదాకా నిద్ర పట్టదు. దూదమ్మకి మెత్తటిదేది దొరికినా పక్కలో పరిచేదాకా తోచదు. అందులోనూ ఆమెకిప్పుడు నెలలు నిండుతున్నాయి.

దిబ్బ మీద ఎండ కాచుకుంటున్న తొండని దూదమ్మ పలకరించింది.

"బాబాయ్, ఇంత మంచి ఇల్లు ముళ్లపందులు ఎందుకు వదిలేశాయి?"

తొండ తల పైకీ కిందికీ ఊపింది. "ఏమోనమ్మా. వెళ్లే రోజు అడిగాను. వెనక్కి తిరిగి చూశాయే గానీ బదులు చెప్పలేదు."

దూదమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గాదయ్య మాత్రం అప్పటికే లోపలికి దూరి "ఏమే, గదులే గదులు! రావే!" అని కేకేస్తున్నాడు.

నిజంగానే గదులున్నాయి. గుమ్మం నుంచి వంకర దారి, దాని చివర నడిమి గది. నడిమి గదికి తూర్పున ఒకటి, వెనక ఒకటి. తూర్పు గది చిన్నది. పైన ఒక చీలిక, అందులోంచి ఎండ సన్నగా గీత గీసినట్టు పడుతుంది. వెనక గది పెద్దది, చల్లగా, చీకటిగా ఉంది. దాని అవతలి గోడకి కాలవ వైపు తెరుచుకున్న పాత కన్నం ఒకటుంది.

గాదయ్య ఆ పూటంతా ఇల్లు బాగుచేశాడు. గోడలు గీకిన మట్టి తూర్పు గది వాకిట్లో కుప్ప పడింది. తర్వాత ఇద్దరూ నడిమి గదిలో కూర్చున్నారు, మిగిలిన రెండు గదులూ ఎవరికన్న మాట వచ్చింది.

"వెనక గది పిల్లలకి," అంది దూదమ్మ. "పురుటికి మా అమ్మ వస్తుంది. పెద్దావిడ ఆ ఇరుకు గదిలో ఎలా పడుకుంటుంది?"

"వెనక గది గింజలకి," అన్నాడు గాదయ్య. "ముందర వానాకాలం ఉంది. పోయిన ఏడు ఏం తిన్నామో మరిచావా? గడ్డివేళ్లు నమిలాం."

"గింజలు తూర్పు గదిలో పోసుకో."

"చీలికలోంచి చీమలు దిగితే ఒక్క గింజ మిగలదు."

"అంటే కళ్లు తెరవని పిల్లల్ని చీమలకి వదలమంటావా?"

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అందుకే ఇద్దరూ తగ్గలేదు.

"మీ అమ్మ వచ్చిందంటే ఇక కదలదు. నాకు తెలీదా?"

"నీళ్లొచ్చిన రోజు నువ్వు ముందు కరుచుకుంది జొన్నకంకిని. నన్ను కాదు. అది నాకు తెలీదా?"

గాదయ్య మొహం మాడిపోయింది. విసురుగా లేచి, "అయితే ఆ గది నువ్వే ఏలుకో. నేనందులో కాలు పెడితే ఒట్టు," అన్నాడు.

"నాకక్కర్లేదు. నువ్వే కాపురముండు నీ గింజలతో."

"కాలవ వైపు కన్నం పూడ్చాలి."

"గది ఎవరిదైతే వాళ్లే పూడ్చుకుంటారు."

అంతటితో మాటలు ఆగిపోయాయి. గాదయ్య గుమ్మం బయటికెళ్లి గడ్డిదుబ్బు కింద పడుకున్నాడు. పెద్ద గది భార్యే ఆక్రమించుకుని ఉంటుందనుకున్నాడు. దూదమ్మ తూర్పు గదిలోకెళ్లి ఒత్తిగిల్లింది. మొగుడు పంతం నెగ్గించుకుని వెనక గదిలో చేరాడనుకుంది. గాదయ్య తెల్లవారుతూనే చేలోకి పోయేవాడు, దూదమ్మ పొద్దు వాలాక బయటికి వచ్చేది. ఎదురుపడకుండా ఉండాలని ఇద్దరూ గట్టిగానే అనుకున్నారు మరి.

ఇదిలా ఉండగా వెనక గదిలో అలికిడి మొదలైంది.

ముందు దూదమ్మ విన్నది. గోడకి ఏదో రాసుకుంటున్న చప్పుడు. మెల్లగా సాగి, ఆగి, మళ్లీ సాగింది. కంకులు ఈడ్చుకొస్తున్నాడు కాబోలు అనుకుంది. గాదయ్య కూడా విన్నాడు. గడ్డి పరుచుకుంటోంది కాబోలు, నిండు మనిషి, ఎంత అవస్థ పడుతోందో అనుకున్నాడు. మనసు ఆగక నడిమి గదిలోకొచ్చి, ఆ గది వైపు చూడకుండానే అడిగాడు.

"ఏమే, ఒంట్లో బాగుందా?"

చాలాసేపటికి లోపలినుంచి జవాబొచ్చింది.

"ఊఁ."

అలిగిన పెళ్లాం అంతకంటే ఏం పలుకుతుంది? గాదయ్య నిట్టూర్చి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దూదమ్మ అదే చోట నిలబడింది. "ఏమయ్యా, ఏమన్నా తిన్నావా?"

"ఊఁ."

గొంతు బొంగురుగా ఉంది. చల్లటి గది కదా, జలుబు చేసిందేమో అనుకుంది. కానీ తన గదికి తిరిగొచ్చాక ఆమెకి నిద్ర పట్టలేదు. మీసాలు వాటంతటవే వణుకుతున్నాయి. కడుపులో పిల్లలు కూడా కదలకుండా నక్కినట్టు అనిపించింది. 'నా మొగుడి గొంతుకే నాకు భయమేమిటి?' అని తనని తనే తిట్టుకుంది.

ఎన్నాళ్లని ఇలా? ఒకరోజు మిట్టమధ్యాహ్నం దూదమ్మ ఒక మంచి కంకి ఏరి, ఈడ్చుకుంటూ నడిమి గదిలోకొచ్చింది. వెనక గది గడప మీద పెట్టింది.

"ఇదిగో, పాలకంకి. నేనన్న మాట తప్పే. నీళ్లలో నన్ను ఒడ్డుకి లాగింది కూడా నువ్వే. కోపం పోనియ్యవయ్యా."

"ఊఁ," అంది చీకటి.

అప్పుడే వంకర దారిలో అడుగుల చప్పుడైంది. నోటి నిండా పత్తితో గాదయ్య లోపలికొచ్చాడు. భార్యకి పక్క వేసి రాజీ పడదామని పాపం అంత దూరం పోయి పత్తి తెచ్చాడు. నడిమి గదిలో నిలబడ్డ దూదమ్మని చూసి చిన్నగా నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. అతణ్ణి చూసింది, గడప వైపు చూసింది, మళ్లీ అతణ్ణే చూసింది. గాదయ్య నోట్లోంచి పత్తి రాలిపోయింది.

ఇద్దరూ ఇక్కడున్నారు. లోపల ఊపిరి చప్పుడు మాత్రం ఆగలేదు.

గాదయ్య దూదమ్మ పక్కకి జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి, గాలి కన్నా మెల్లగా అడిగాడు. "నువ్వు ఇన్నాళ్లూ..."

"తూర్పు గదిలో. నువ్వు?"

"బయట."

లోపల గోడకి మళ్లీ రాసుకున్న చప్పుడు. ఈసారి అదేమిటో ఇద్దరికీ అర్థమైంది. పొలంలో పుట్టిన ఏ ఎలుకకీ అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఒళ్లంతా నేలకానించి పాకే చప్పుడది.

"పారిపోదాం," అన్నాడు గాదయ్య.

"నేను పరిగెత్తలేను. చేను దాటేలోపే అందుకుంటుంది." దూదమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి చూపు నిలకడగా ఉంది. "మనకి తెలిసిపోయిందని దానికింకా తెలీదు. నేను నీతో మాట్లాడుతున్నట్టే దానితో మాట్లాడతాను."

"పిచ్చా నీకు?"

"తూర్పు గదికి వేరే దారి లేదు. వాకిట్లో నువ్వు పోసిన మట్టి అలాగే ఉంది. నువ్వెళ్లి వంకర దారి మలుపులో ఉండు. ఊపిరి కూడా గట్టిగా తీయకు."

గాదయ్య కదల్లేకపోయాడు. దూదమ్మే అతణ్ణి తలతో నెట్టింది.

ఆమె ఒక్కతే గడప దాకా నడిచింది. ఎండిన చర్మం, బురద కలిసిన వాసన ముఖానికి కొట్టింది. ఎదురుగా చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకటి తనని చూస్తోందని మాత్రం తెలుస్తోంది.

"ఏమయ్యా," అంది. గొంతు వణికింది. నొప్పులు పడే మనిషి గొంతు ఎలాగూ వణకాల్సిందేగా! "నాకు నొప్పులొస్తున్నాయి. తూర్పు గదిలోకెళ్లి పడుకుంటున్నా. ఇక లేచే ఓపిక ఉండదు. పిల్లలు పుట్టాక వచ్చి చూస్తావా?"

దూదమ్మకి తన గుండె చప్పుడు ఆ గదంతా వినిపిస్తోందేమో అనిపించింది.

"ఊఁ," అంది ఆ గొంతు. ఈసారి అందులో చిన్న తొందర ఉంది.

దూదమ్మ తూర్పు గది వైపు కాళ్లు ఈడుస్తూ చప్పుడు చేసింది. తర్వాత మునివేళ్ల మీద తిరిగొచ్చి మలుపులో మొగుడి పక్కన కూలబడింది. ఇద్దరూ ఒకరి భుజానికొకరు ఆనుకుని, గోడలో గోడై చూస్తున్నారు.

ముందు తల వచ్చింది. నల్లటి తల, గడప మీద కంకిని దాటి, నాలుక ఆడిస్తూ అటూ ఇటూ తిరిగింది. ఒక్క క్షణం మలుపు వైపే ఆగింది. గాదయ్య కళ్లు మూసుకున్నాడు. దూదమ్మ మూసుకోలేదు. తల తూర్పుకి తిరిగింది. దాని వెనక ఒళ్లు వస్తోంది, ఇంకా వస్తోంది. ఎంతకీ అవదేమో అన్నట్టు నల్లత్రాచు నడిమి గదినంతా చుట్టుకుంటూ తూర్పు గదిలోకి పోతూనే ఉంది. చివరికి తోక కూడా లోపలికి జారింది.

"ఇప్పుడు!" అంది దూదమ్మ.

ఇద్దరూ ఒక్కసారి మట్టికుప్ప మీద పడ్డారు. కాళ్లతో, తలతో, రొమ్ముతో తోశారు. మట్టి వాకిలిలోకి జారి సగం మూసింది. లోపల బుస్సుమన్న శబ్దానికి దిబ్బే ఉలిక్కిపడినట్టైంది. వెంటనే మట్టిని ఏదో బలంగా పొడిచింది. పైనుంచి బెడ్డలు రాలాయి. వాళ్లు ఇంకా తోశారు. వాకిలి మూసుకుంది. మళ్లీ పొడిచింది, మట్టి మధ్యలో ఉబ్బి పగులిచ్చింది. గాదయ్య వీపు దానికి ఆనించి నిలబడ్డాడు. దూదమ్మ నేల తవ్వి మట్టి అందించింది.

పొడవడం ఆగింది. మాట మొదలైంది. చాలా మెత్తటి గొంతు.

"గాదయ్యా, ఎందుకింత కష్టం? నా పోరు పడలేకే ముళ్లపందులు వెళ్లిపోయాయి, మీరేమో కన్నం తెరిచి ఉంచారు. మీ తగువంతా కాలవ ఒడ్డున కూర్చుని విన్నాను. ఇద్దరూ వద్దన్న గదిలో చేరడం తప్పా? పిల్లలు పుట్టేదాకా ఆగాను కూడా."

గాదయ్య వీపు తీయలేదు, దూదమ్మ తవ్వడం ఆపలేదు.

"నీ పెళ్లాం నీ గురించి ఏమందో తెలుసా? గింజకున్న విలువ ఆలికి లేదట నీ దగ్గర. గుర్తుందా?"

గాదయ్య కాళ్లు ఒక్క క్షణం సడలాయి. వీపు వెనక మట్టి కదిలింది.

"అన్నాను," అంది దూదమ్మ రొప్పుతూ. "కోపంలో అన్నాను. మట్టి తొయ్యవయ్యా!"

గాదయ్య తోశాడు.

"దూదమ్మా, మీ అమ్మని..." లోపలి గొంతు మళ్లీ మొదలెట్టింది.

"నేనూ అన్నాను," అన్నాడు గాదయ్య. "నువ్వు తవ్వవే!"

ఆ తర్వాత లోపలినుంచి మాట లేదు. గోడలెక్కే చప్పుడు, చీలిక దగ్గర మట్టి రాలే చప్పుడు. ఎండ పడే ఆ సన్నటి సందులోంచి నల్లత్రాచు బయటికి దూరుతోంది. ఒళ్లు ఒరుసుకుపోతున్నా దూరుతోంది. అది బయటపడితే గుమ్మంలోంచే తిరిగి లోపలికొస్తుంది. ఆ సంగతి తట్టగానే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉండిపోయారు. పరిగెత్తడానికి దూదమ్మకి నిజంగానే ఓపిక లేదు. ఇప్పుడు ఆమెకి నిజంగానే నొప్పులొస్తున్నాయి.

దిబ్బ మీద నెమళ్లు అరిచాయి. చేలో పురుగులేరుకునే నెమళ్లవి. సందులో సగం ఇరుక్కున్న పామును చూస్తే ఊరుకుంటాయా? రెక్కల చప్పుడు, గోళ్ల చప్పుడు, దిబ్బంతా దడదడలాడింది. ఏదో ఈడ్చుకుపోతున్నట్టు జొన్నచేను ఊగిపోయి, కాలవ దాకా ఆ ఊపు పోయి, ఆగింది. పాము చచ్చిందో, కాలవలో పడి బతికిందో వాళ్లు చూడలేదు. చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

ఆ సాయంత్రమే నడిమి గదిలో, చెల్లాచెదురైన పత్తి మీద, దూదమ్మ పిల్లల్ని కంది.

మర్నాడు గాదయ్య వెనక గది గడప దగ్గర నిలబడి అడిగాడు. "ఏమే, ఈ గది ఏం చేద్దాం?"

"నువ్వు చెప్పు."

"నాకు లోపలికెళ్లాలంటే భయంగా ఉందే."

"నాకూనూ."

ఇద్దరూ కలిసే లోపలికెళ్లారు. పక్కపక్కన నిలబడి ముందు కాలవ వైపు కన్నం పూడ్చారు. వెనక్కి జరుగుతూ గదినంతా మట్టితో నింపుకుంటూ వచ్చారు. తర్వాత తూర్పు గదినీ అలాగే మూసేశారు. గింజలు నడిమి గదిలో ఒక గోడకి చేరాయి. పిల్లలు ఇంకో గోడకి. పురుటికొచ్చిన అత్తగారు రెండిటి మధ్యా ముడుచుకుని పడుకుని, ఇంత పెద్ద దిబ్బ కింద ఇంత ఇరుకు ఇల్లేమిటమ్మా అని గొణిగింది. కూతురూ అల్లుడూ ఆవిడకి చోటిస్తూ మరికాస్త దగ్గరగా జరిగారు.

నీతి: ఆలుమగలు పంతానికి పోయి నాది కాదని వదిలేసిన చోట, వాళ్ల చేటు కోరేవాడు కాపురం పెడతాడు.