జతగా పీల్చిన ఊపిరి

డాక్టర్ హైమవతి సాయంత్రం ఐదున్నరకు ఇంటికి వెళ్ళిపోయేవారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డు ఆవిడది. వెంటిలేటర్ మీద ఎందరున్నా, ఒక్కొక్కరినే చూపించి రాత్రి డ్యూటీ డాక్టరుకు అప్పగించి, చెప్పులు మార్చుకుని బయటికి నడిచేవారు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న జోయెల్‌కు ఇది మింగుడు పడేది కాదు. అతను ఇంటి మొహం చూసి మూడు రోజులైంది.

కారణం సుంకమ్మ కొడుకు. ఆదోని దగ్గర పల్లె నుంచి వచ్చిందామె. ఏడో నెలలోనే ఆపరేషన్‌తో కాన్పయింది. బిడ్డ తొమ్మిది వందల గ్రాములు. ఊపిరితిత్తులు విచ్చుకోక, గొంతులోకి గొట్టం వేసి మిషన్‌తో శ్వాస ఇస్తున్నారు. ఒకసారి గొట్టం తీసి చూశారు. గంట తిరక్కుండానే ఒళ్ళు నీలంగా తిరిగింది. మళ్ళీ వేసింది జోయెలే. అప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు. కళ్ళు మూస్తే చాలు, మానిటర్ మోత వినిపిస్తోంది.

ఆ మధ్యాహ్నం రౌండ్స్ అయ్యాక ఉండబట్టలేక అడిగాడు.

"ఒక బిడ్డ ఇలా ఉండగా మీరు ఇంటికెళ్ళి ఎలా నిద్రపోగలరు మేడమ్?"

ఆమె నొచ్చుకున్నట్టు లేదు. అంతలో లోపల స్టూలు పడ్డ చప్పుడైంది. కొడుకు పక్కన కూర్చున్న సుంకమ్మ నేలమీదికి ఒరిగిపోయింది. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. మూతి తిమ్మిరెక్కిందని గొణుగుతోంది. జోయెల్ బీపీ చూశాడు, షుగర్ చూశాడు, ఆపరేషన్ కుట్లు చూశాడు. ఎక్కడా తేడా లేదు. హైమవతి మాత్రం కాసేపు ఆమె ఛాతీ వైపు, కాసేపు వెంటిలేటర్ వైపు చూసి, పక్కనే చతికిలబడ్డారు. ఎప్పటినుంచి ఆ మిషన్‌తో పాటు ఊపిరి తీస్తున్నావని మెల్లగా అడిగారు.

సుంకమ్మ తల దించుకుంది. పొద్దుటినుంచీ అంది. నిమిషానికి నలభై సార్లు, మిషన్ గాలి ఊదినప్పుడల్లా తనూ పీల్చిందట, వదిలిందట.

"నేను ఆపితే వాడు యాడ ఆపేస్తాడోనని మేడమ్."

"వాడి సంగతి మిషన్ చూస్తోందమ్మా. అంత వేగంగా పీలిస్తే వేళ్ళు ఇలాగే బిగుసుకుంటాయి. నీ ఊపిరి నువ్వు తీసుకో, నిదానంగా," అన్నారు హైమవతి. వేళ్ళు సడలేదాకా ఆ చేతులు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆయాను పిలిచి, ఇంత అన్నం తినిపించి పడుకోబెట్టమన్నారు. సుంకమ్మ సాయంత్రం దాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఆ తర్వాత ఐదో రోజున గొట్టం తీస్తే బిడ్డ ఈసారి నిలదొక్కుకున్నాడు గాని, ఆ మధ్యాహ్నం ఆ సంగతి ఎవరికీ తెలియదు.

చేతులు కడుక్కుంటూ జోయెల్, ఎలా కనిపెట్టారని అడిగాడు. ఆమె కొళాయి కట్టేసి అతని వైపు తిరిగారు.

"ఈ పనిలో చేరిన మొదటి ఏడాది, ఒక బిడ్డ మిషన్‌తో పాటు ఊపిరి తీస్తూ నేనూ ఇలాగే పడిపోయాను. లేచి చూసేసరికి ఆ బిడ్డ ఊపిరి తీస్తూనే ఉంది."